ఆటోనగర్‌లో భీముడి గద

తెనాలి స్టేషన్లో పొద్దున్నే పాసింజరు బండి కోసం నిలబడ్డ నన్ను చూసి, పక్క బెంచీ మీద కూచున్న పెద్దాయన కాస్త ఎడంగా జరిగాడు. ఆయన్ని తప్పుపట్టడానికి వీల్లేదు. నా చంకలో పాత దుప్పటి చుట్టిన గుండ్రటి వస్తువొకటి, భుజాన ఇత్తడి తొడుగు వేసిన గొట్టం, చేతిలో రెండు ఇనుప కడ్డీలు. ఇంత సరంజామాతో తెల్లవారకుండానే ఊరు విడిచిపోతున్నవాణ్ణి చూస్తే ఎవరికైనా అనుమానం రావడం సహజమే.

కాసేపు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక అడిగాడాయన.

"ఏమిటండీ అది?"

"గదండి."

"గదేమిటి, చంకలో పెట్టుకుని?"

"గది కాదండీ, గద. భీముడి గద. మర పోయింది. బెజవాడ ఆటోనగర్ తీసుకెళుతున్నాను."

పెద్దాయన ముఖం విప్పారింది. "భీముడంతటివాడికి కూడా చివరికి ఆటోనగరే దిక్కయిందన్నమాట!" అని, జరిగిన చోటికే మళ్లీ జరిగి, నాకు బెంచీ మీద చోటిచ్చాడు.

ఈ గద సంగతి ముందు మనవి చేసుకోవాలి. ఇది మా పెదనాన్నగారు చేసింది. ఆయన బియ్యం మిల్లులో ఫిట్టరు. మిల్లు పని ఆయనకు జీతం, నాటకాల సామాను చెయ్యడం ఆయనకు సరదా. తెనాలిలో పుట్టినవాడికి ఆ సరదా పట్టడంలో వింతేమీ లేదు. ఊరి నడుమ మూడు కాలవలు పారుతున్నట్టే నాటకం కూడా పారిన ఊరు మాది. స్థానం నరసింహారావుగారు వేషాలు కట్టిన రామవిలాస సభ మా ఊరిదే. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే మా పెదనాన్న ఆదివారాలు పెరట్లో కూచుని ఈ గద చేశారు.

లోపల కొయ్య, దాని మీద కాగితపు గుజ్జు, పైన పలచని ఇత్తడి రేకు, అక్కడక్కడా బంగారు రంగు. చూసేవాళ్లకు మణుగు బరువున్నట్టు కనిపిస్తుంది. తలకాయ తూచితే కిలోన్నర దాటదు. అయితే నాటకాల వాళ్లకు రైలూ బస్సూ తప్పవు గదా! నాలుగడుగుల గదని బస్సులో ఎవరు ఎక్కనిస్తారు? అంచేత ఆయన దాన్ని రెండు ముక్కలుగా చేశారు. పిడి బోలు గొట్టం. దాని అడుగునుంచి ఒక పొడుగాటి ఇనుప కడ్డీ దూర్చితే అది పైకి వచ్చి, తలకాయలో బిగించిన ఇత్తడి బుష్షులో మరపడుతుంది. కింద ఒక నట్టు బిగిస్తే గద అంతా ఒకటే వస్తువు. నట్టు విప్పి కడ్డీ వెనక్కి తిప్పితే మళ్లీ రెండు ముక్కలు. ఇన్ని సంవత్సరాలుగా, ఎందరో భీములూ దుర్యోధనులూ మారినా, ఆ మర మాత్రం ఒక్కనాడు మొరాయించలేదు.

మొన్న శ్రీరామనవమికి మొరాయించింది.

రేపల్లె అవతల ఒక పల్లెటూరి పందిట్లో మా వాళ్ల నాటకం. ద్రౌపదీ వస్త్రాపహరణం కథ. సామాను విప్పేసరికి తలకాయ ఉంది, పిడి ఉంది, కడ్డీ లేదు. ఇంట్లో తలుపు మూల పెట్టి మరిచిపోయి వచ్చాం. సాయంత్రం ఐదయింది. సామాను పూచీ నాది గనక నేనే ఊళ్లోకి పరుగెత్తి ఇనప సామాను కొట్టు పట్టుకున్నాను.

"అర అంగుళం మరల కడ్డీ కావాలండీ," అన్నాను.

"అంగుళాలు ఇప్పుడెక్కడివండీ! పన్నెండు ఎమ్మెమ్ ఉంది. రెండూ ఒకటే," అన్నాడు కొట్టాయన. మీటరు పొడుగున నిలువునా మరలు కోసిన కడ్డీ. సరిగ్గా మా పిడికి సరిపోయింది. సంతోషంగా తెచ్చాను.

బుష్షులో పెట్టి వేళ్లతో తిప్పితే చుట్టూ, చుట్టున్నరా తిరిగి ఆగిపోయింది. తుప్పేమో అనుకున్నాను. కడ్డీ చివర రెండు నట్లు ఒకదాని మీద ఒకటి బిగించి, స్పానరు వేసి తిప్పాను. కిర్రుమంటూ మరో మూడు చుట్లు దిగింది. పట్టుకుని ఊపి చూశాను, పిసరంత కదల్లేదు. పెదనాన్న మర కంటే ఇదే గట్టిగా ఉందని కూడా అనుకున్నట్టు జ్ఞాపకం.

భీముడి వేషం వేసింది మా వీధి కుర్రాడు. సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేస్తాడు. అతనికది మొదటి పెద్ద వేషం. దుర్యోధనుడి తొడ విరగ్గొడతానని ప్రతిజ్ఞ చేస్తూ గద గిర్రున తిప్పేసరికి, తలకాయ పిడిని వదిలేసి, హార్మోనియం మీదుగా ఎగిరి, ముందు వరసలో చాప మీద పడుకుని నిద్రపోతున్న పసివాడికి జానెడు దూరంలో పడింది. పందిరంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. పిల్లవాడికేమీ కాలేదని తెలిశాక నవ్వింది. భీముడు ఒట్టి గొట్టం పట్టుకుని నిలబడ్డాడు.

ఆ నవ్వే నయం. తెర వెనక్కి వచ్చాక మా వాళ్లు ఆ కుర్రాణ్ణి అన్న మాటలు అంతకంటె ఘోరం. "గద తిప్పమంటే రోకలి తిప్పినట్టు తిప్పావేమిరా!" అన్నారొకరు. "పెద్దలు చేసిన వస్తువు, నీ చేతుల్లో పడి పాడైంది," అన్నారింకొకరు. అబద్ధమెందుకు, నేనూ ఒక మాట అన్నాను. కుర్రాడు తలవంచుకుని రంగు కడుక్కున్నాడు. ఆ తరవాత రిహార్సలుకి రాలేదు.

అదీ కథ. వచ్చే నెలలో మళ్లీ ఒక పందిరి ఒప్పుకున్నాం. గద లేనిదే భీముడు లేడు. భీముడు లేనిదే నాటకం లేదు. అందుకే ఈ ప్రయాణం.

బండి దుగ్గిరాల దాటింది. పసుపు వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. ఇంకాసేపటికి కృష్ణా కెనాల్ జంక్షన్. అది దాటగానే చక్రాల కింద చప్పుడు మారింది. వంతెన ఎక్కామన్నమాట. ఎన్నిసార్లు చూసినా ఇక్కడ కిటికీ వైపు తల తిప్పకుండా ఉండలేం. ఎడమవైపు ప్రకాశం బ్యారేజి, దాని వెనక నిండుగా నీళ్లు, అవతలి గట్టున కొండ మీద కనకదుర్గమ్మ. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట చోట 1957లో ఈ బ్యారేజి కట్టారు. మా తెనాలి కాలవల్లో పారేదీ ఈ నీళ్లే. పెట్టెలో సగం మంది చేతులు జోడించారు. నేను గద ఒళ్లో పెట్టుకుని జోడించాను.

బెజవాడ స్టేషన్ బయట సిటీ బస్సెక్కాను. కండక్టరు నా సామాను వంక చూసి, "దీనికి లగేజి కొట్టాలా, భీముడి పేర టిక్కెట్టు కొట్టాలా?" అన్నాడు. దుప్పటి చాటున ఉన్నా పోల్చాడంటే నాటకాలు చూసినవాడే అయి ఉంటాడు. బందరు రోడ్డు మీద బెంజి సర్కిలు దాటి, పటమట దాటి, ఆటోనగర్ గేటు దగ్గర దిగాను.

బెజవాడ వెళ్లినవాళ్లు కొండా, కృష్ణా, బ్యారేజీ చూసి వస్తారు. ఆటోనగర్ చూడటానికి ఎవరూ వెళ్లరు. పనిపడ్డవాళ్లే వెళతారు. నన్నడిగితే అది కూడా చూడదగ్గ చోటే. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే రోడ్డూ, హైదరాబాదు నుంచి బందరు వెళ్లే రోడ్డూ కలుసుకునే ఊరు బెజవాడ. రెండు పెద్ద రోడ్లు కలిసిన చోట లారీలు ఆగుతాయి. ఆగిన లారీకి ఏదో ఒక రోగం ఉంటుంది. 1960లలో, ఊళ్లో సందుసందునా ఉన్న మోటారు షెడ్లకు విడిగా ఒక చోటంటూ చూపించడానికి ఈ నగర్ ఏర్పడింది. ఇప్పుడిది ఊళ్లో ఒక పెద్ద ఊరు.

గేటు దాటి లోపలికి నడిస్తే ముందు ముక్కుకి తెలుస్తుంది. గ్రీజూ, డీజిలూ, కాలిన రబ్బరూ, కొత్త రంగూ కలిసిన వాసన. తరవాత చెవికి తెలుస్తుంది. ఒక వైపు కమాను కట్టల వాళ్లు ఎర్రగా కాలిన పట్టీని సుత్తులతో వంచుతుంటారు. ఒక వైపు రేకు మీద కర్రసుత్తి దెబ్బలు. మరో వైపు గ్రైండింగు రాయి నిప్పురవ్వలు చిమ్ముతూ అరుస్తుంటుంది. నేల నల్లగా ఉంటుంది. అది మట్టి రంగు కాదు, ఏళ్ల తరబడి తాగిన నూనె రంగు.

ఇక్కడ ఎవరి పని వారిదే. రేడియేటర్లు అతికేవాడు స్ప్రింగుల జోలికి పోడు. సీట్లు కుట్టేవాడి కొట్టు పక్కన టైర్లు చూసేవాడు. ఆ పక్కన లారీకి కర్ర తొట్టి కట్టే వడ్రంగులు. ఆ తరవాత వెనక తలుపు మీద తామరపువ్వులూ, నెమళ్లూ, 'సౌండ్ హారన్'లూ రాసే పెయింటర్లు. ఒక లారీ ఇంజను విప్పి నేల మీద పరిచి ఉంటుంది, పెళ్లివారింట్లో వంటపాత్రల్లాగా. ఆ ముక్కల నడుమ ఒక పిల్లవాడు కిరసనాయిలు గిన్నెలో బోల్టులు కడుగుతూ ఉంటాడు.

గద విప్పి చూపిస్తే నవ్వుతారేమోనని నాకు లోపల బెరుకుగానే ఉంది. మొదటి షెడ్డులో నవ్వారు. కాని పని దగ్గరికి వచ్చేసరికి నవ్వు మానేసి బుష్షులోకి టార్చి వేసి చూశారు.

"ఇదేముందండీ! డ్రిల్లు వేసి రంధ్రం పెద్దది చేసి, పదహారు ఎమ్మెమ్ మర కోసేస్తాం. పది నిమిషాల పని," అన్నారు.

అప్పుడు కడ్డీ కూడా పదహారుది కావాలి. అది మా పిడి గొట్టంలో దూరదు. పిడి కూడా మార్చాలి. పిడి మారితే ఇక పెదనాన్న గదలో మిగిలేదేమిటి? వద్దన్నాను.

రెండో షెడ్డు వెల్డింగు షెడ్డు. "తలకాయా పిడీ కలిపి అతికించేద్దాం. ఇక ఈ జన్మకి ఊడదు," అన్నాడాయన. నిజమే, ఊడదు. రైల్లోనూ పట్టదు. నమస్కారం పెట్టి బయటపడ్డాను.

టీ కొట్టు దగ్గర నా గోడు విన్న డ్రైవరొకాయన, "పాత మరలంటే అదిగో, ఆ చివర లేతు మేస్త్రీ గారి దగ్గరికి వెళ్లండి. కోపిష్టి. కాని చెయ్యి మంచిది," అన్నాడు.

చిన్న రేకుల షెడ్డు. లోపల ఒకటే లేతు మిషను. దాని ముందు అరవై దాటిన మేస్త్రీ గారు. కళ్లజోడు కాడ విరిగితే రాగి తీగతో కట్టుకున్నారు. గద చూసి ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపడనూ లేదు. దుప్పటి తానే విప్పి, తలకాయని గోనెపట్టా మీద, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టి, "ఇది ఏ మర?" అన్నారు.

"తెలీదండి."

"మర ఏదో తెలీకుండా ముట్టుకోకూడదు," అన్నారు కాస్త కటువుగానే. "కడ్డీ ఏది?"

రెండు కడ్డీలూ ఇచ్చాను. ఒకటి తలుపు మూల దొరికిన పెదనాన్న కడ్డీ, రెండోది పందిరి నాడు కొన్నది. ఆయన రెండింటినీ ఆనించి, ఒకదాని మరల్లో మరొకదాని మరలు కూచోబెట్టడానికి చూసి, వెలుతురుకి పట్టి నాకు చూపించారు. మొదటి ఒకటి రెండు మరలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టే ఉన్నాయి. మూడో దగ్గర తేడా పడింది. ఆ తరవాతి దానికి వచ్చేసరికి గట్టు మీద గట్టు ఎక్కి, సందులోంచి వెలుతురు కనిపిస్తోంది.

"గేజి లేకపోయినా ఈ పరీక్ష ఎవరైనా చెయ్యవచ్చు. కళ్లుంటే చాలు," అన్నారు. తరవాత డ్రాయరులోంచి గేజి తీశారు. విసనకర్ర రెక్కల్లా విచ్చుకునే ఉక్కు ఆకులు, ఒక్కో ఆకుకి ఒక్కో కొలత పళ్లు. పెదనాన్న కడ్డీ మీద ఒక ఆకు అతికినట్టు కూచుంది. "అర అంగుళం విట్‌వర్త్. అంగుళానికి 12 మరలు."

విట్‌వర్త్ అంటే ఇంగ్లండులో ఒక ఇంజనీరు. అంతకుముందు ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. ఒకచోట చేసిన బోల్టుకి మరోచోట చేసిన నట్టు పట్టేది కాదు. ఇంత లావు కడ్డీకి అంగుళానికి ఇన్ని మరలుండాలి, మర కోణం 55 డిగ్రీలుండాలి అని 1841లో ఆయన ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ఇంగ్లీషువాళ్ల యంత్రాలతోపాటు ఆ మర మన మిల్లుల్లోకీ వచ్చింది. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో అయింది, 1958 అక్టోబరు నుంచి క్రమంగా అమల్లోకి వచ్చింది. మా పెదనాన్న అంతకుముందే, మిల్లులో ఉన్న అంగుళాల ట్యాపుతో ఈ మర కోసేశారు. నేను కొన్న కడ్డీ మెట్రిక్ మర. లావు 12 మిల్లీమీటర్లు, మరకీ మరకీ నడుమ 1.75 మిల్లీమీటర్లు, కోణం 60 డిగ్రీలు. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు, దాని మరల నడుమ దూరం 2.1 మిల్లీమీటర్ల పైచిలుకు. చూపుకి అన్నదమ్ములు, కలిపితే బద్ధశత్రువులు.

అంగుళాలు పోయాయని కొట్టాయన అన్నాడు గాని, పూర్తిగా పోలేదు. ఈ వ్యాసం చదువుతున్న మీ ఇంట్లో కుళాయి అర అంగుళానిదే అయి ఉంటుంది. నీళ్ల గొట్టాల మరలు ఇప్పటికీ అంగుళాల లెక్కే. పైగా అర అంగుళం కుళాయి మర మీద స్కేలు పెట్టి చూస్తే ఇంచుమించు 21 మిల్లీమీటర్లుంటుంది. అరంగుళమన్న పేరు గొట్టం లోపలి రంధ్రాన్నిబట్టి వచ్చింది గాని పైకొలతని బట్టి కాదు. దాని మరలు అంగుళానికి 14. అందుకే ప్లంబరు సామాను తెమ్మన్నప్పుడు కొలత మాట నోటితో చెప్పి ఊరుకోకుండా పాత ముక్క వెంట తీసుకెళ్లడం మంచిది. నాకీ జ్ఞానం శ్రీరామనవమి ముందు ఉంటే ఎంత బాగుండేది!

మేస్త్రీ గారు కిరసనాయిలులో ముంచిన గుడ్డతో బుష్షు లోపల తుడిచారు. తరవాత సబ్బుముక్కని కోలగా చెక్కి, బుష్షు గోడకి ఒక పక్క నొక్కి, జాగ్రత్తగా వెనక్కి తీశారు. సబ్బు మీద మరలు అచ్చుపడ్డాయి. లోపలి వైపు దువ్వెన పళ్లలా చక్కగా ఉన్నాయి. బయటి వైపు నాలుగు మరలు నలిగి, చీలి, కలిసిపోయి ఉన్నాయి.

కళ్లజోడు పైకి తోసి నా వంక చూశారు.

"ఎలా పోయిందన్నారు?"

"వేషం వేసిన కుర్రాడు గట్టిగా ఊపాడండి."

"ఊపితే పోయింది కాదండీ ఇది," అన్నారాయన. "సరైన కడ్డీ ఉండి, ఊపుడికే పీక్కొచ్చి ఉంటే మరలన్నీ బయటివైపుకి వాలిపోతాయి. ఇక్కడ చూడండి, మరకి అడ్డంగా ఇంకో మర కోసింది. ఎవరో పట్టని కడ్డీ పెట్టి పానాతో తిప్పారు. తలకాయ ఆ రాత్రి ఊడకపోతే మర్నాడు ఊడేది. పాపం, ఊపినవాడి తప్పేముంది?"

సుత్తుల చప్పుడూ, గ్రైండింగు అరుపూ ఒక్కసారి ఆగిపోయినట్టనిపించింది నాకు. కిర్రుమన్న ఆ మూడు చుట్లూ చెవిలో వినిపించాయి. తలవంచుకుని రంగు కడుక్కుంటున్న కుర్రాడు కళ్లముందు కనిపించాడు.

"ఎవరో కాదండీ. నేనే," అన్నాను.

ఆయన తిట్టలేదు. "అందరూ చేసేదే," అన్నారు. "మా దగ్గరికి వచ్చే బోల్టుల్లో సగం ఇలా పోయినవే. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మర వేలితో ఎక్కాలి. వేలితో ఎక్కనిది పానాతో ఎక్కదు, ఎక్కినట్టు కనిపిస్తుందంతే. పానా ఉన్నది బిగించడానికి, ఎక్కించడానికి కాదు."

ఇక వైద్యం. పోయిన మరకి చాలా వైద్యాలున్నాయట. రంధ్రం పెద్దది చేసి పెద్ద మర కోయడం ఒకటి. పాత రంధ్రాన్ని పెద్దది చేసి, అందులో కొత్త బుష్షు బిగించి, పాత కొలతకే మళ్లీ మర కోయడం ఇంకొకటి. స్ప్రింగులా చుట్టిన ఉక్కు తీగని రంధ్రంలోకి దించి దాన్నే కొత్త మరగా వాడుకోవడం మూడోది. అల్యూమినియం ఇంజను తలకాయల్లో స్పార్కు ప్లగ్గు మర పోయినప్పుడు అలా చేస్తారు.

"ఇవన్నీ మర పూర్తిగా పోయినప్పుడు. మీ బుష్షు అంగుళంన్నర పొడుగు. అంటే 18 మరలు. పోయినవి నాలుగు. 14 మంచివి. ఇత్తడి మెత్తన గనక, కడ్డీ లావుకి ఒకటిన్నర రెట్లు పొడుగున మర పట్టాలి. అంటే ముప్పావు అంగుళం, తొమ్మిది మరలు. మీకు 14 ఉన్నాయి. ఉన్నదాన్ని కోసి పారెయ్యడమెందుకు?"

కాని ఒక చిక్కుంది. నలిగిన మరలు నోటి దగ్గరే ఉన్నాయి. ట్యాపు ఆ వైపు నుంచి పెడితే అది మంచి దారి పట్టక, నేను కోసిన తప్పుడు దారి పట్టవచ్చు. లోపలివైపు నుంచి పెడితే మంచి మరల్లో మొదలై, వాటినే పట్టుకుని వచ్చి, చెడ్డవాటిని సరిచేస్తుంది. లోపలికి దారేది?

మేస్త్రీ గారు తలకాయని తిప్పితిప్పి చూశారు. పైన తామర మొగ్గ ఉంది. అలంకారమనుకునేవాళ్లం. దాని మీది బంగారు రంగు కాస్త గీకితే మేకుతల లాంటిది కనిపించింది. అది మేకు కాదు, స్క్రూ. విప్పితే మొగ్గ ఊడి చేతికొచ్చింది. దాని కింద కొయ్యలో నిట్టనిలువుగా ఒక రంధ్రం, సూటిగా బుష్షు దాకా. టార్చి వేస్తే అవతలి వెలుగు కనిపించింది.

"చూశారా! ఎప్పుడైనా మర చెడితే ట్యాపు దింపడానికి దారి వదిలారు. చేసినాయన పనివాడు," అన్నారు మేస్త్రీ గారు. ఆ షెడ్డులో అంతకంటె పెద్ద బిరుదు లేదని ఆయన గొంతు వింటే తెలిసింది. పెదనాన్న పోయి ఎన్నేళ్లో అయింది. ఆయన్ని ఎరగని మనిషి నోట ఆ మాట విని నా కళ్లు చెమర్చాయి.

పాత బిస్కట్ల డబ్బాలోంచి నూనెగుడ్డ చుట్టిన అంగుళాల ట్యాపులు తీశారు. అర అంగుళం ట్యాపు చదరపు చివరకి ఒక గొట్టం తొడిగి పొడుగు చేసి, పై రంధ్రంలోంచి దించారు. కళ్లు మూసుకుని, వేళ్లతోనే, మర మొదలు ఎక్కడుందో వెతికారు. దొరికాక వేళ్లతోనే నాలుగు చుట్లు తిప్పి, అప్పుడు గాని పిడి తగిలించలేదు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడల్లా తెగిన ఇత్తడి పొడి రాలుతుంది. అలా తిప్పకపోతే పొడి లోపలే ఇరుక్కుని ఉన్న మరని కూడా తినేస్తుందట. తొందర లేదు, బలం లేదు. చెడ్డ మరల దగ్గరికి వచ్చాక ఇంకా నెమ్మదించారు. చివరికి ట్యాపు ముక్కు బుష్షు నోట్లోంచి బయటికి వచ్చింది, తెల్లవారి కిటికీలోంచి ఎవరో తొంగిచూసినట్టు.

నోటి అంచు మీద మిగిలిన గరుకు తీసేసి, కడ్డీ తిన్నగా కూచోవడానికి అంచుని కాస్త ఏటవాలుగా చెక్కారు. పెదనాన్న కడ్డీ మరల్లో తుప్పు తీగకుంచెతో తోమారు. పిడికీ తలకాయకీ నడుమ ఒక తోలు బిళ్ల వేశారు. కడ్డీ కింది నట్టు జారకుండా దానికీ కడ్డీకీ కలిపి సన్నని రంధ్రం వేసి చీల దూర్చారు. "మీ భీముడు ఇక ఎంతైనా ఊపవచ్చు. కాని ప్రతి ఆటకీ ముందు చీల ఉందో లేదో చూసుకోండి. ఎదురుగా పిల్లలు కూచుంటారు," అన్నారు.

నేను కొన్న కడ్డీ ఆయన షెడ్డులోనే వదిలేశాను. గద గనక డబ్బు మాఫీ చేస్తారేమోనని మనసులో చిన్న ఆశ ఉండేది. చెయ్యలేదు. రెండు వందలు తీసుకున్నారు. లారీ ఇరుసుకి ఎలా చేస్తారో గదకీ అలాగే చేశారు, అలాగే పుచ్చుకున్నారు. నాకది మర్యాదగానే తోచింది.

సాయంత్రం బండికి తెనాలి చేరాను. ఇంటికి పోలేదు. దుప్పటి మూటతో తిన్నగా సెల్‌ఫోన్ల దుకాణానికే వెళ్లాను. కుర్రాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. దుకాణంలో మరో ఇద్దరున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామా అని ఒక్క క్షణం అనిపించింది. అతన్ని మాటలన్నది నలుగురిలో గదా అని, ఆగలేదు.

"గద పాడు చేసింది నువ్వు కాదు నాయనా, నేను. పట్టని కడ్డీని పానాతో తిప్పాను. నిన్ను అంటూంటే విని ఊరుకున్నాను. నేనూ అన్నాను. తప్పయింది," అన్నాను. సబ్బు మీద అచ్చుపడ్డ మరల ముక్క కాగితంలో చుట్టి తెచ్చాను. అది కూడా చూపించాను.

అతను చాలాసేపు ఆ ముక్క వంకే చూశాడు. "నేను నిజంగానే గట్టిగా తిప్పానేమోననుకున్నాను బాబాయ్. ఆ పసివాడు రోజూ కల్లోకొస్తున్నాడు," అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు రిహార్సల్లో అందరి ముందూ మళ్లీ చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరి మాట వాళ్లకు గుర్తొచ్చి ఉంటుంది. కుర్రాడు గద ముక్కలు ముందు పెట్టుకుని కూచుని, కడ్డీ దూర్చి, వేళ్లతో తిప్పడం మొదలెట్టాడు. ఒకటి, రెండు అంటూ పైకే లెక్కపెట్టాడు. పద్దెనిమిది చుట్లూ వేళ్లతోనే తిరిగాయి.

అప్పుడు పానా నా చేతికిచ్చాడు.

"నట్టు మీరు బిగించండి బాబాయ్," అన్నాడు.

బిగించాను. చీల అతను పెట్టాడు.